నిజం మార్కులు

ప్రతి ఏడూ ప్లస్ టూ ఫలితాలు రాగానే నేను ఇంటింటికీ తిరిగి తెలుగు అమ్ముతాను. నవ్వకండి. ఒడిశాలోని బరంపురంలో డిగ్రీ పిల్లలకు తెలుగు ఆనర్స్ చెప్పే లెక్చరర్‌ని నేను. మా కాలేజీలో తెలుగు శాఖ అంటే ఒక గది, రెండు పుస్తకాల బీరువాలు, గట్టిగా తిరిగితే ఊడిపడుతుందేమో అన్నట్టుండే ఫ్యాను, వీటన్నిటికీ తోడు నేను. పిల్లలు తగినంతమంది చేరకపోతే శాఖ మూసేస్తారు. మూశాక మళ్లీ తెరవరు. అందుకే గొడుగు పట్టుకుని తెలుగువాళ్ల వీధులన్నీ తిరుగుతాను. ఛత్రపురం దాటి సముద్రం ఒడ్డు పల్లెలకు పోతాను. ఒక ఏడాది కొడల అనే ఊరి దాకా కూడా పోయాను. ఏ గుమ్మం ముందు నిలబడ్డా చెప్పే మాట ఒకటే: "తెలుగు తీసుకోమ్మా, మార్కులు బాగా పడతాయి."

మొదట్లో ఇలా చెప్పేదాన్ని కాదు. మన భాష, మన తాతల మాట, దీన్ని వదులుకుంటే ఎలా అని గొంతు చించుకునేదాన్ని. వాళ్లు మర్యాదకి తలలూపి, పిల్లని తీసుకుపోయి కామర్స్‌లో చేర్చేవాళ్లు. మార్కుల మాట ఎత్తాక మాత్రం కుర్చీ వేసి కూర్చోబెట్టడం మొదలుపెట్టారు. ఒకావిడ మజ్జిగ కూడా ఇచ్చింది.

బాగా పడతాయని చెప్పి చేర్చుకున్నాక వెయ్యకపోతే ఊరుకుంటారా? మాది పరీక్షలు తనే పెట్టుకునే కాలేజీ. పేపరు నేనే ఇస్తాను, నేనే దిద్దుతాను. పైన ఇంకొకరు చూడాలన్న నియమం ఉంది కాబట్టి సరిహద్దు అవతలి నుంచి ఒక పరీక్షకుడు వస్తాడు. ఆయన శాఖలోనూ ఇదే బతుకు కనుక ఆయన కాగితాల వంక ఎక్కువసేపు చూడడు. సంతకాలు పెట్టి, భోంచేసి, సాయంత్రం రైలుకి వెళ్లిపోతాడు. మా పిల్లలేమో ఒడియా బడుల్లో చదివొచ్చినవాళ్లు. ఇంట్లో గలగలా తెలుగు మాట్లాడతారు, రాయమంటే చెమటలు కక్కుతారు. వాళ్లకు ఉన్నదున్నట్టు మార్కులు వేస్తే సగం మంది పోతారు. వాళ్లు పోతే మరుసటి ఏడు కొత్తవాళ్లు రారు. వాళ్లు రాకపోతే శాఖ పోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. అందుకని ప్రశ్నలు ముందే చెబుతాం, జవాబులు గైడులో చూపిస్తాం, ఆఖరికి అందరికీ ఓ గ్రేడు వస్తుంది. ఓ అంటే అవుట్‌స్టాండింగ్, నూటికి తొంభై దాటినవాళ్లది. దాని పైన ఇంక మెట్టు లేదు.

మా శాఖ ఒక్కటే ఇలా ఉందనుకోకండి. ఒకసారి స్టాఫ్ మీటింగులో నాకు ఒళ్లు మండి అడిగేశాను, అందరూ అందలం ఎక్కేవాళ్లే అయితే మోసేవాళ్లెవరని. దాన్ని ఒడియాలో చెప్పేసరికి సగం రుచి పోయిందనుకోండి. చరిత్ర చెప్పే సహోద్యోగి నవ్వాడు. "ఛాడంతు మేడం, వదిలెయ్యండి. మనం వెయ్యకపోతే ఇంకో ఊళ్లో వేస్తారు. పిల్లలు అటు పోతారు" అన్నాడు. ఆయన మీద కోపం రావాలి గాని రాలేదు. తిలా పాపం తలా పిడికెడు.

పాత రోజులు బంగారం అని కూడా నేను అనను. ఇదే గదిలో మాకు చెప్పిన మాస్టారు పదికి ఐదు వేశారంటే ఆ రోజు ఆయనకి ఒంట్లో బాగాలేదేమో అనుకునేవాళ్లం. రాసిన కాగితం తిరిగి చేతికిచ్చేటప్పుడు ఎర్రసిరా తప్ప మా నీలం సిరా కనబడేది కాదు. ఆయన దయలేనితనానికి నా పక్కన కూర్చునే స్నేహితురాలు చదువే మానేసింది. అది నాకన్నా తెలివైంది. రెండు పేపర్లు తప్పింది, ఇంట్లో మళ్లీ కట్టనివ్వలేదు, అంతే. ఆ రోజులు తిరిగి రావాలని ఎవరైనా అంటే నాకు ఆ పిల్ల మొహం కనబడుతుంది. మరి ఈ రోజులు బాగున్నాయా అంటే, అదీ అనలేను.

మొన్నటి బ్యాచ్‌లో ఆర్యపల్లి నుంచి వచ్చిన పిల్ల ఒకతె ఉండేది. తండ్రి పడవ మీద వేటకి వెళ్తాడు, తల్లి బరంపురం బజారులో చేపలు అమ్ముతుంది. ఆ పిల్లని చేర్చింది నేనే. వాళ్ల గుమ్మంలో నిలబడి నా పాట పాడుతుంటే, "మార్కులు సరే, పుస్తకాలు ఇస్తారా మేడం?" అని అడిగిన ఒకే ఒక్క పిల్ల అది. మూడేళ్లూ పొద్దున్నే బస్సెక్కి వచ్చేది. మా రెండు బీరువాల్లోని పుస్తకాలు ఒక్కొక్కటీ పట్టుకెళ్లి, ఒక్కొక్కటీ తిరిగి తెచ్చేది. పాఠం మధ్యలో చెయ్యెత్తి ప్రశ్న అడిగేది. నాకు ప్రాణం లేచొచ్చేది.

ఆఖరి ఫలితాలు వచ్చాయి. ఆ పిల్లకి ఓ గ్రేడు. పక్క బెంచీకి ఓ గ్రేడు. వెనక బెంచీకీ ఓ గ్రేడే. పిల్లలందరూ చేరి శాఖ గదిలో కేకు కోసి, నా బుగ్గలకి కూడా పూశారు.

ఆ శనివారం పొద్దున్న ఆ పిల్ల, వాళ్లమ్మ మా ఇంటికి వచ్చారు. తల్లి ఆ రోజు చేపల గంప ముట్టుకోలేదు. ఇస్త్రీ చీర కట్టుకుని, కుర్చీ చూపిస్తే వద్దని, వరండాలో గోడకి ఆనుకుని కూర్చుంది. మిఠాయి ఇవ్వడానికి వచ్చారనుకున్నాను.

"మేడం గోరూ, ఏటనుకోకండి. ఒక్క మాట అడుగుదావని వొచ్చాను. మా పిల్ల నిజింగా బాగా సదువుతాదేటి?" అంది.

"అదేంటమ్మా, ఓ గ్రేడు వచ్చింది కదా!"

"అదేనండి నా బాద. మా ఈదిలో ఇంకో పిల్ల కూడా మీకాడే సదివింది. అది మూడేళ్లూ ఇంట్లో తొంగుంది. కాలేజీకి ఎల్లకుండానే వొచ్చేసింది పిన్నీ అని నాతోనే సెప్పి నవ్వింది. మా పిల్ల వానైనా ఎండైనా బస్సెక్కి ఎల్లేది. ఎల్లినదానికీ అదే, ఎల్లనిదానికీ అదేనా? మరి మా పిల్లకి ఏటి వొచ్చినట్టు?"

కాఫీ తెస్తానని లేవబోతే ఆవిడ లేవనివ్వలేదు. విషయమంతా చెప్పింది. ఛత్రపురం దగ్గర ఐసు ఫ్యాక్టరీలో కంప్యూటరు ముందు కూర్చునే పని ఒకటి ఖాళీ ఉంది. డిగ్రీ ఉన్న ఆడపిల్ల అయితే బాగుంటుందని అక్కడి మేనేజరు అడుగుతున్నాడు. సోమవారానికల్లా మాట చెప్పకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తాడు. పిల్లేమో విశాఖపట్నం వెళ్లి తెలుగు ఎమ్మే చదువుతానంటోంది. దానికి ప్రవేశ పరీక్ష రాయాలి, సీటు రావాలి, వచ్చాక రెండేళ్లు చదవాలి.

"పంపమంటే పంపుతాను. మా ఆయనా నీ ఇష్టమే అన్నాడు. గాని అక్కడికెల్లి సదవనేక తిరిగొచ్చిందనుకోండి, ఇటు ఉజ్జోగం పోద్ది, అటు సదువూ పోద్ది. రెంటికీ సెడ్డ రేవడైపోద్ది నా పిల్ల. ఆ కాయితం సూసి తెలుసుకుందావంటే నాకు సదువు రాదు. ఒచ్చినా ఏటి లాభం, అందరి కాయితమూ అదే కదా. మీరు ఉన్నమాట సెప్పండి."

పిల్ల అప్పటిదాకా నేల చూపులు చూస్తోంది. తలెత్తి, "మేడం, నిజింగా నాకు ఎన్నొస్తాయి?" అంది.

కోపం వచ్చింది నాకు. నేనేమైనా సోది చెప్పేదాన్నా, పిల్ల చెయ్యి చూసి మార్కులు చెప్పడానికి? ఓ అంటే ఓ, వెళ్లండి అని కసిరేద్దామనుకున్నాను. నోటిదాకా వచ్చింది కూడా. కానీ కోపం అసలు వాళ్ల మీద కాదు. ఆ పిల్లకి ఎన్నొస్తాయో నాకే తెలియదు. మూడేళ్లు చదువు చెప్పి, దాని సత్తా ఎంతో నాకు తెలియదు! ఇష్టం ఉందని తెలుసు. ఇష్టం వేరు, సత్తా వేరు. నేను ముందే చెప్పిన ప్రశ్నలకి గైడులోని జవాబులు రాయించి, వాటికి మార్కులు వేస్తూ కూర్చుంటే ఎవరిది ఎంతో ఎలా తెలుస్తుంది?

"రేపు పొద్దున్న రా," అన్నాను. "మా మాస్టారు ఇచ్చినట్టు పేపరు ఇస్తాను. ఆయన దిద్దినట్టే దిద్దుతాను. ముందే చెబుతున్నాను, ఆయన మంచివాడు కాదు. ఏడవకూడదు."

"ఏడిస్తే నాను సూసుకుంటాను లెండి," అంది తల్లి.

ఆ మధ్యాహ్నమంతా పేపరు తయారు చేస్తూ కూర్చున్నాను. ఐదు ప్రశ్నలు, ఒక్కోదానికి ఇరవై. మొదటిది మేం చెప్పిన పాఠంలోదే, కానీ తిప్పి అడిగాను. రెండోది పద్యాలకి అర్థాలు. మూడోది ఛందస్సు. నాలుగోది నేనెప్పుడూ చెప్పని, ఏ గైడులోనూ లేని ఒక వాన పద్యం, చదివి నీకేమనిపించిందో రాయమని. ఐదోది వ్యాసం. ఎన్నో ఏళ్ల తర్వాత అసలైన పేపరు పెట్టానన్న తృప్తి కలిగింది. భయం కూడా వేసింది. ఆ పిల్లకి పదీ ఇరవయ్యీ వస్తే నేనేం చెయ్యాలి?

ఆదివారం వరండాలో చాప వేసి కూర్చోబెట్టాను. ఎదురింటివాళ్లు అప్పడాలు ఎండబెడుతూ రేడియో పెట్టుకున్నారు. వెళ్లి ఆపించొచ్చాను. తల్లి పిల్లని దించి బజారుకి పోయింది, చేపలు అమ్ముకుని వస్తానని. మొదటి గంట పిల్ల కలం గబగబా నడిచింది. తర్వాత ఆగింది. కొంగుతో మొహం తుడుచుకుంది, నా వైపు చూసింది. నేను చూడనట్టు బియ్యంలో రాళ్లు ఏరుతూ కూర్చున్నాను. ఆ ఎండలో చాప మీద వంగి అది రాస్తుంటే, ఎందుకొచ్చిన పరీక్షే తల్లీ, లేచి భోంచెయ్యి అని చెప్పాలనిపించింది.

టైమైందని కాగితాలు లాక్కున్నాను. ఇంకో పేజీ ఉందని బతిమాలింది. మా మాస్టారు ఇచ్చేవారు కాదు, నేనూ ఇవ్వలేదు. దానికి అన్నం పెట్టి, లోపలి గదిలో కూర్చుని ఎర్ర పెన్ను తీశాను.

మొదటి జవాబు నాలుగు పేజీలు. చదువుతుంటే చక్కగా సాగిపోయింది. సాగదూ మరి, మొత్తం గైడే! ప్రశ్న తిప్పి అడిగానని గమనించకుండా కంఠస్థం చేసింది దించేసింది. ఏడు వేశాను. పద్యాల అర్థాల్లో సగం తప్పు, ఒకచోట ఏకంగా ఒక పాదమే ఎగరగొట్టింది. ఛందస్సు మాత్రం కుదురుగా చేసింది. వ్యాసం మొదలు బాగుంది, నడుం దగ్గర విరిగింది, చివర లేదు. ఇంత చెప్పి ఇంతేనా నేర్పించింది అని నా మీద నాకే చిరాకేసింది.

నాలుగో ప్రశ్న దగ్గర రెండుసార్లు రాసి కొట్టేసింది. మూడోసారి అరపేజీ రాసింది. ఆ పద్యంలో వానని వర్ణిస్తూ వర్ణిస్తూ, పరిగెత్తే మనిషి ఒకడు పూర్తిగా తడిసిపోయాక నెమ్మదిగా నడవసాగాడని ఒక మాట ఉంది. ఈ పిల్ల ఇలా రాసింది: "ఇది వాన గురించి పద్యం అనుకుని రెండుసార్లు రాశాను. కాదనిపించింది. ఆ మనిషికి ఇంక తడవడానికి ఏమీ మిగల్లేదు కాబట్టి భయం పోయింది. నాకు ఇది భయం పోవడం గురించి పద్యం అనిపిస్తోంది."

మళ్లీ చదివాను. అది గైడులోది కాదు, నేను చెప్పిందీ కాదు. అంతెందుకు, పేపర్లో పెట్టిన నాకే తట్టలేదు. ఒంటరిగా ఆ గదిలో కూర్చున్న నాకు ఏడుపొచ్చింది. ఎందుకని అడిగితే చెప్పలేను. సంతోషమే అయ్యుండాలి.

అన్నీ కూడితే యాభై రెండు.

ఇంకో ఎనిమిది వేస్తే ఫస్ట్ క్లాసు. ఎనిమిది మార్కులు నాకొక లెక్కా? తొంభైలు దోసిళ్లతో పంచిపెట్టినదాన్ని. అరవై అని చెబితే తల్లి ధైర్యంగా పంపుతుంది, పిల్ల ఎగురుకుంటూ పోతుంది, నాకూ పుణ్యం. పెన్ను పట్టుకుని చాలాసేపు ఆ వ్యాసం వంకే చూశాను, ఎక్కడైనా రెండు అతికించగలనా అని. కానీ వాళ్లు అడిగింది అది కాదు కదా. అది కావాలంటే వాళ్లింట్లో ఇప్పటికే ఒక కాగితం ఉంది.

తల్లి ఖాళీ గంపతో తిరిగొచ్చాక ముగ్గురం వరండాలో కూర్చున్నాం. నాన్చకుండా చెప్పేశాను.

"యాబై రెండా!" అంది తల్లి. "తొంబై ఎక్కడ, యాబై రెండెక్కడ మేడం గోరూ!"

"ఇప్పటికి ఇంతే వచ్చమ్మా దానికి. పద్యాలు సరిగ్గా రావు. గైడు పట్టుకుని వేలాడుతుంది. రాత నెమ్మది." అక్కడితో ఆగలేక ఆ అరపేజీ ఆవిడకి చదివి వినిపించాను.

"అది బాగుందా?" అంది.

"చాలా బాగుంది. నేను చెప్పింది కాదు. ఎవరి దగ్గరా చూసి రాసింది కాదు."

పిల్ల నా చేతిలోంచి కాగితాలు తీసుకుంది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు సరికదా, ఎర్రగీతల మీద వేలు పెట్టి ఒక్కొక్కటే అడగడం మొదలుపెట్టింది. ఇక్కడ మార్కులు ఎందుకు కోశారు? ఇది తప్పా, మరి ఒప్పేంటి? గైడులో రాసింది తప్పా మేడం? నేను చెబుతుంటే తల ఊపుతోంది, మళ్లీ అడుగుతోంది. దిద్దిన కాగితం ఆ పిల్ల చేతికి రావడం అదే మొదటిసారి. మా కాలేజీలో మార్కులు కంప్యూటర్లో కనబడతాయి, కాగితాలు బీరువాలో మూలుగుతాయి.

"ఇంకేటి సూస్తావే," అంది తల్లి విసుగ్గా. గొంతులో విసుగు కన్నా బెంగే ఎక్కువగా ఉంది. "యాబై రెండు అట్టుకుని ఇసాపట్నం ఎల్తావేటి? పద, ఐసు ఫ్యాక్టరీ బాబుకి ఒస్తాదని సెప్పేద్దారి."

పిల్ల కాగితాలు ఒళ్లో పెట్టుకుంది.

"అమ్మా, ఆ తొంబై నావో కాదో నాకు తెల్దే. కాలేజీకి ఎల్లనిదానికీ వొచ్చాయి. ఇవి నాయే. ఇవి ఇంకెవులికీ రానేదు."

తల్లి దాని మొహంలోకి చూసింది, కాగితాల వంక చూసింది, చదవడం రాకపోయినా ఆ ఎర్రగీతలన్నీ పైనుంచి కిందకి చూసింది. ఆఖరికి నా వైపు తిరిగింది.

"మీ పిల్లయితే మీరు పంపుతారా?"

"ప్రవేశ పరీక్ష గట్టెక్కుతుందని మాటివ్వలేను," అన్నాను. "పరీక్షకి ఇంకా టైముంది. ఆదివారాలు వస్తే కూర్చోబెట్టి రాయిస్తాను, ఇలాగే దిద్దుతాను. అప్పటికీ రాకపోవచ్చు. నా పిల్లయితే మాత్రం పంపుతాను."

ఆవిడ కొంగు ముడిలోంచి ఫోను తీసింది. నంబరు నొక్కి, బజారులో బేరమాడే గొంతుతో మొదలుపెట్టింది.

"బాబు గోరూ, నానండి, ఆర్యపల్లి నుంచి. సోమారం మా పిల్ల రాదండి. ఆ ఉజ్జోగం ఇంకెవులికైనా ఇచ్చుకోండి... ఏటి? సదువైపోనేదా అంటారా? అవనేదండి. ఇంకా సదువుతాది, ఇసాపట్నం ఎల్తాది."

అవతల ఆయన ఏదో అన్నట్టున్నాడు. ఆవిడ లేచి నిలబడింది.

"ఎందుకంటారేటండి బాబూ! యాబై రెండు మార్కులొచ్చాయి మా పిల్లకి!"